మా ఆయన ఊదిన పెనాల్టీ

నా పెండ్లయినప్పట్నుంచి మా నాయనకూ మా మామకూ పడేది కాదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. పడాలన్నా, పడకపోవాలన్నా ముందు ఇద్దరూ మాట్లాడుకోవల్ల గదా. పండగకో, పేరు పెట్టే కార్యానికో ఎదురుపడితే ఒకాయన "బాగుండారా బావా" అనేవాడు. ఇంకొకాయన "బాగుండాం బావా" అనేవాడు. ఆ తర్వాత ఒకరు ఫ్యాను వైపు, ఒకరు క్యాలెండరు వైపు చూసుకుంటా అన్నం పెట్టేదాకా కూచునేవాళ్ళు. వియ్యంకులంటే ఇట్ల ఉండల్ల, ఇన్నేండ్లలో ఒక్క మాట తేడా రాలేదు అని చుట్టాలు మెచ్చుకునేవాళ్ళు. మాటే లేకపోతే తేడా యాడ నుంచి వస్తాది?

మా నాయన హిందూపురంలో చింతపండు మండీలో గుమాస్తాగా చేసి ఇంటిపట్టున ఉండిపోయిన మనిషి. మాట తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగిస్తాడు. మా మామ ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. ఆయన మాట మొదలుపెట్టడు కాబట్టి ఏ భాషలో ముగిస్తాడో మాకు తెలీదు. మగ్గంతో తప్ప ఇంకెవరితోనూ ఆయనకు పెద్దగా పనిలేదు. మా ఆయన పెనుకొండలో హైస్కూలు డ్రిల్లు సారు. నేను ఆ ఊర్లోనే చిన్న బడిలో టీచరు. రైలు దావలో ఒక పక్క పుట్టినిల్లు, ఒక పక్క మెట్టినిల్లు, నడుమ మా కాపురం. నడుమ ఉండేవాళ్ళకు రెండు పక్కలా మర్యాద ఉంటాదని నా పెండ్లిలో ఒక పెద్దమనిషి ఆశీర్వదించినాడు. పాపం, ఆయనకు ఫుట్‌బాల్ తెలీదు.

అప్పటికి మాకూ తెలీదు. మా పక్క ఆట అంటే క్రికెట్టే. హిందూపురమోళ్ళు బెంగళూరు టీమును మోస్తారు, ధర్మవరమోళ్ళు సగం మంది హైదరాబాదును, సగం మంది చెన్నైని మోస్తారు. ఆ కొట్లాటలో ప్రాణహాని లేదు. టీవీలో ఆడేవాళ్ళను ఎంత తిట్టినా వాళ్ళకు వినపడదు. ఊర్ల మధ్య ఫుట్‌బాల్ పోటీలు మొదలైనాకే తిట్టేదాంట్లో ఉండే అసలు సుఖం మావాళ్ళకు తెలిసొచ్చింది. ఈడ గోల్‌కీపర్ అంటే బస్టాండు కాడ బజ్జీలు వేసే ఆయన కొడుకు. సాయంత్రం గోలు వదిలితే పొద్దున్నే వాళ్ళ నాయన దగ్గరికి పోయి బజ్జీలు తింటా తిట్టొచ్చు.

మా నాయనకు ఆ పిచ్చి మొదట పట్టింది. కాలేజీ దినాల్లో తాను లెఫ్ట్ బ్యాకు ఆడినానని ఆయన ఇంట్లో ప్రకటించినాడు. సాక్ష్యం ఏమంటే మోకాలి నొప్పి. మా అమ్మ అయితే, తాను కాపురానికి వచ్చినప్పట్నుంచి ఈ మనిషి కదిలిపోతాండే బస్సు కోసం కూడా పరిగెత్తింది చూడలేదని చెప్పింది. అయినా ఆయన హిందూపురం టీము ప్రాక్టీసు చేసే చోటికి పొద్దున్నే పోయి, ఎవరూ అడగకుండానే కోచికి సలహాలు ఇచ్చేవాడు. ఆ కోచి మంచివాడు. తల ఊపుతా ఉండేవాడు.

మా మామకు పట్టినట్టు మాకు చాన్నాళ్ళు తెలీలేదు. ఆయనకు ఏది పట్టినా బయటికి కనపడదు. ఒకసారి మేము ధర్మవరం పోయినప్పుడు మగ్గం మీద చీర లేదు. ఆకుపచ్చ పట్టు శాలువా ఉంది, జరీ అంచులో ఊరి పేరు అక్షరాలుగా వస్తా ఉంది. ఎవరికి సన్మానం అని అడిగినా. మా అత్త పక్కనుంచి, "సన్మానం కాదు పాపా, ఆటకు పోయేటప్పుడు ఈయప్ప బుజాన ఏసుకుంటాడంట" అనింది. గోలు ముందర నిలబడి బంతిని ఆకాశానికి తన్నే టీముకు అసలైన పట్టు, అసలైన జరీ. చేనేతకు కష్టకాలం ఎందుకొచ్చిందో నాకు ఆ పొద్దు కొంచెం అర్థమైంది.

ఆ ఏడు లీగు పోటీల్లో రామగిరి, నల్లచెరువు లాంటి ఊర్లు మర్యాదగా ఓడిపోయి ఇంటికి పోయినాయి. నాలుగు టీములు మిగిలినాయి. ఆ కాడ నుంచి వాటిని ప్లేఆఫులు అనల్లంట. మైకు పట్టుకున్న పిల్లోడు ఆ మాట పలికినప్పుడల్లా జనం ఊరికే కేకలు వేసేవాళ్ళు. కదిరిని కొట్టి పెనుకొండ ఫైనలుకు పోయింది. రెండో సెమీఫైనలు హిందూపురానికీ ధర్మవరానికీ పడింది. ఎవరి ఊర్లో పెట్టినా కొట్లాట అవుతాదని నడుమ ఉండే పెనుకొండలో పెట్టినారు.

ఇంతవరకూ బాగానే ఉంది. రెఫరీగా రావల్సిన అనంతపురం సారు ఇంట్లో నిశ్చితార్థం వచ్చిపడింది. పోటీలు జరిపే పెద్దమనుషులు కూచొని ఆలోచించినారు. మా ఆయన రెఫరీ పరీక్ష పాసై ఉండాడు. ధర్మవరం కొడుకు, హిందూపురం అల్లుడు, పెనుకొండ ఉద్యోగి. మూడు ఊర్లకూ కావలసినవాడు కాబట్టి మూడు ఊర్లకూ న్యాయం చేస్తాడని తేల్చినారు. ఆ తెలివికి చప్పట్లు కూడా కొట్టుకున్నారంట.

ఆయన ఇంటికొచ్చి ఆ మాట చెప్పినప్పుడు నేను బియ్యం ఏరుతా ఉన్నా. వద్దని చెప్పెయ్యమన్నా. జ్వరం అని చెప్పు, కాలు బెణికిందని చెప్పు, నా మీదన్నా పెట్టి చెప్పు అన్నా.

"విజిలు ఊదేదానికి చుట్టరికంతో ఏం పని?" అన్నాడు.

అంతకంటే అమాయకమైన మాట ఆ ఇంట్లో అంతకు ముందు ఎవరూ అనలేదు. ఆయన నల్ల బూట్లకు పాలిషు పెట్టుకుంటా కూచున్నాడు.

ఫోన్లు మొదలైనాయి. మా నాయన ఎప్పుడూ ఏదీ అడగడు. ఆ వారం కూడా ఏమీ అడగలేదు. రోజూ ఫోన్ చేసి అల్లుని ఆరోగ్యం మాత్రం కనుక్కున్నాడు. కూతుర్ని ఎంత గారాబంగా పెంచినాడో, పెండ్లిలో అల్లుడు వాచీ అడక్కుండానే ఎట్ల పెట్టినాడో మాటల మధ్యలో గుర్తు చేసుకున్నాడు. ధర్మవరం నుంచి మా అత్త చేసేది. "మీ మామ ఏం అనలేదు పాపా. కన్నకొడుకు గదా, వానికి చెప్పాల్నా అన్నాడు, అంతే" అనేది. మా ఆయన అన్నీ విని, ఆట ఉండే ఆదివారం రెండు పక్కలవాళ్ళనూ భోజనానికి పిలవమన్నాడు. ఇంట్లో బంతి మాట ఎత్తకూడదని మాత్రం షరతు పెట్టినాడు.

ఆ ఆదివారం హిందూపురం నుంచి రైల్లో మా నాయన, ధర్మవరం నుంచి రైల్లో అత్తామామలు వచ్చినారు. మా అమ్మ రాలేదు. ఆమె మా ఇంట్లో అందరికంటే తెలివైంది. నేను ఓళిగలు చేసినా, చిత్రాన్నం చేసినా, బంతి మాట రాకుండా నోళ్ళు నిండుగా ఉండల్లని బజ్జీలు కూడా వేసినా. మా నాయన ఫ్యాను వైపు చూసినాడు. మా మామ క్యాలెండరు వైపు చూసినాడు. శాలువా ఆయన పక్కన కుర్చీలో చుట్టం మాదిరి కూచోని ఉంది.

మా ఆయన ఒక అరటిపండు తిని, లోపలికి పోయి రెఫరీ బట్టలు వేసుకొని వచ్చినాడు. నల్ల చొక్కా, నల్ల నిక్కరు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు. మా మామ ఆయన్ను తలనుంచి కాళ్ళ దాకా చూసినాడు.

"ఈ వయసులో నిక్కరు ఏందిరా?" అన్నాడు.

కొడుకు చేసే పని గురించి ఆ తండ్రి నోటి నుంచి నేను విన్న మొదటి అభిప్రాయం అదే.

కొండ కింద కాలేజీ గ్రౌండులో జనం ఇసకేస్తే రాలనంత ఉండారు. ఒక గీత మీద హిందూపురమోళ్ళు తప్పెట్లతో, ఎదురు గీత మీద ధర్మవరమోళ్ళు బూరలతో. వీళ్ళు వాళ్ళను "పోయి చీరలు నేసుకోండప్పా" అంటాండారు, వాళ్ళు వీళ్ళను "పోయి చింతపండు పిసుక్కోండప్పా" అంటాండారు. రెండూ గౌరవమైన వృత్తులే, అయినా రెండు పక్కలా ఆ మాటకు చొక్కాలు చించుకుంటాండారు. మధ్యలో పెనుకొండ జనం చెనిక్కాయలు వలుచుకుంటా, ఇద్దర్లో ఎవరు ఎక్కువ అలిసిపోతే తమకు మేలని చూస్తాండారు. నేనూ మా అత్తా వాళ్ళలోనే కూచున్నాం. మా నాయన తప్పెట్లలోకి పోయినాడు. మా మామ శాలువా వేసుకొని బూరలలోకి పోయినాడు.

ఆట గురించి నేను చెప్పగలిగింది తక్కువ. నేను బంతిని చూడలేదు, మా ఆయన్ను చూస్తా ఉన్నా. చెరొక గోలు అయింది. ఇంకొంచేపట్లో ఆట ముగుస్తాదనంగా హిందూపురం పిల్లోడు గోలు వైపు బలంగా తన్నినాడు. ధర్మవరం పిల్లోడు అడ్డం దూకినాడు. బంతి వాని ఒంటికి తగిలి పక్కకు పోయింది. మా ఆయన విజిలు ఊదినాడు. పరిగెత్తుకుంటా పోయి గోలు ముందర సున్నం చుక్క వైపు చెయ్యి చూపించినాడు.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. గోలు ముందర గీసిన గడిలో బంతి చేతికి తగిలితే అవతలి టీముకు పెనాల్టీ ఇస్తారు. గోల్‌కీపర్ ఒక్కడే అడ్డం, తన్నేవాడు ఒక్కడే. అంటే ఉత్త పుణ్యానికి గోలు ఇచ్చినట్టే.

బూరలు ఆగిపోయినాయి. ధర్మవరం పిల్లోళ్ళంతా ఆయన చుట్టూ మూగి, చేతులు చూపించి, ఎదలు చూపించి, దేవుని మీద ఒట్లు పెట్టినారు. ఆయన తల అడ్డంగా ఊపుతా నిలబడినాడు. అప్పుడు నా కండ్లు మా మామను వెతుక్కున్నాయి. ఆయన అరవలేదు. బుజం మీది శాలువా తీసినాడు, అంచుకు అంచు కలిపి మడత పెట్టినాడు, చంకలో పెట్టుకొని, పెనాల్టీ తన్నకముందే గ్రౌండు బయటికి నడిచిపోయినాడు.

గోలు పడింది. హిందూపురం ఫైనలుకు పోయింది. నేల మీద కూచోనియ్యని మా నాయన మోకాలు ఆ నిమిషంలో నయమైపోయింది. ఆయన తప్పెటకు తగ్గట్టు ఎగురుకుంటా గ్రౌండులోకి పోయి, ఆట ఇంకా అయిపోకముందే అల్లుణ్ణి కావలించుకోబోయినాడు.

"మామా, గీత అవతలికి పోండి" అన్నాడు మా ఆయన.

మా నాయన దాన్ని కూడా ఆశీర్వాదం మాదిరి తీసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి మా మామ నేరుగా స్టేషనుకు పోయినాడని తెలిసింది. మా అత్త సంచి తీసుకొనేదానికి వచ్చింది. కొడుకు ఇంట్లో ఇంక మెతుకు ముట్టనన్నాడంట. తిని పొమ్మని నేను బతిమాలినా. "ఆయప్ప ఈడ తినకపోతే ఆడ నేనే గదా పాపా వండల్ల" అని ఆమె నాలుగు ఓళిగలు కట్టించుకొని పోయింది. మా నాయన మాత్రం మిగిలిపోయిన అన్నం ఎవరి బాధ్యతా కాకూడదని అంతా తానే తిన్నాడు. అల్లుడు ధర్మప్రభువు, కన్నతండ్రినే లెక్కచెయ్యలేదు, ఇట్లాంటి అల్లుడు హిందూపురంలో ఎవరికన్నా ఉండాడా అని మెతుకు మెతుకుకూ మెచ్చుకున్నాడు.

"మీ టీము చేతికి తగిలినా ఇచ్చేవాణ్ణే మామా" అన్నాడు మా ఆయన.

"ఇస్తావప్పా, ఇస్తావు. సుమ్నే ఉండు, నాకు తెలీదా" అని నవ్వినాడు మా నాయన. ఊరికే ఉండు అనేదానికి అది ఆయన కన్నడం.

ఆయన సుమ్నే ఉండలేదు. మండీ అంతా తిరిగి, పెనాల్టీ ఇచ్చింది మా అల్లుడే అని చెప్పుకున్నాడు. ఆ మాట రైలెక్కి ధర్మవరం చేరింది. ఆడ మగ్గాల వీధిలో దానికి ఇంకొంచెం జరీ వేసినారు. రెఫరీ అత్తగారింటి మనిషి అయిపోయినాడు అన్నారు. పెండ్లాం చెప్పినట్టు విజిలు ఊదినాడు అన్నారు. చివరికి పెనాల్టీ నాది అయింది. ఫుట్‌బాల్ నియమాల్లో నాకు గట్టిగా తెలిసింది ఇదొక్కటే: బంతి ఎవరి చేతికి తగిలినా తప్పు కోడలిది.

ఎవరో సెల్‌ఫోన్లో తీసిన వీడియో కూడా తిరిగింది. హిందూపురంలో చూసినవాళ్ళకు దాంట్లో చెయ్యి కనపడింది. ధర్మవరంలో చూసినవాళ్ళకు ఎద కనపడింది. నాకు దుమ్ము కనపడింది.

మా ఆయన రోజూ సాయంత్రం తండ్రికి ఫోన్ చేసేవాడు. మా అత్త ఎత్తి, మీ నాయన నీళ్ళు పోసుకుంటాండాడు అని చెప్పేది. ఆ వారం మా మామ పోసుకున్నన్ని నీళ్ళు పుష్కరాల్లో కూడా ఎవరూ పోసుకోనుండరు. ధర్మవరంలో నీళ్ళకు అంత కరువేమీ లేదని మాకు అప్పుడే తెలిసింది. మా ఆయన ఫోను పక్కన పెట్టి, ముందర మెట్ల మీద కూచొని దావ వైపు చూస్తా ఉండేవాడు. బడిలో పిల్లోళ్ళ చేత డ్రిల్లు చేయించేటప్పుడు కూడా విజిలు ఊదడం మానేసి చప్పట్లు కొట్టి పిలుస్తాండాడని తోటి టీచరు నాకు చెప్పింది.

ఒక సాయంత్రం నేను టీ ఇచ్చి పక్కన కూచుంటే ఆయనే ఎత్తినాడు.

"చేతికి తగిలింది. నేను చూసినా."

"నేను నిన్ను అడగలేదే" అన్నా.

"ఎవురూ అడగలే. అందరూ చెప్తాండారు."

తాను బడిలో చదివేటప్పుడు ఎన్నో ఆటలు ఆడినాడని, కప్పులు కూడా తెచ్చినాడని, నాయన ఒక్కసారి కూడా చూసేదానికి రాలేదని చెప్పినాడు. నింద మాదిరి చెప్పలేదు. మగ్గం వదిలిపెట్టి వస్తే ఆ పొద్దు కూలి పోతాది గదా అన్నాడు. తాను చేసే పనిని నాయన కండ్లారా చూసింది మొన్ననే మొదలు. అంత బాగా చేసిన రోజు తనకు ఇంకోటి లేదంట.

ఫైనలు హిందూపురానికీ పెనుకొండకూ కాబట్టి ఈసారి ఎవరికీ చెందని ఊరని ధర్మవరంలో పెట్టినారు. ఎవరికీ చెందని ఊరంట. ఆ వారంలో ధర్మవరం ఊరు ఊరంతా పెనుకొండ అయిపోయింది. అంతకు ముందు పెనుకొండోళ్ళను కొండముచ్చులని పిలిచినవాళ్ళే పెనుకొండ టీము నీలం రంగు రిబ్బన్లు కట్టుకొని తిరిగినారు. తమ టీము గెలిచినప్పుడు ఎవరికైనా సంతోషమే. పగవాని టీము ఓడిపోవల్లని కోరుకునేటప్పుడు వచ్చే భక్తి వేరు, దాంట్లో స్వార్థం ఉండదు.

మా నాయనకు చిక్కొచ్చి పడింది. ధర్మవరం పోయి వియ్యంకుని ఇంటికి పోకుండా వచ్చేస్తే మర్యాద కాదు. పోతే మొహం ఎట్ల చూసేది? చివరికి ద్రాక్షపండ్లు తీసుకొని పోయినాడు. మేమిద్దరం అప్పటికే ఆడ ఉన్నాం. మా మామ ఆదివారమైనా తెల్లార్నుంచి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని కూచోని ఉన్నాడు. గుంతలో కూచున్న మనిషి లెయ్యకపోతే అది కోపమో పనో ఎవరూ చెప్పలేరు. ఆ సౌకర్యం కోసమే కూచున్నాడని నా అనుమానం. "బాగుండారా బావా" అన్నాడు మా నాయన. పోగుల మధ్య నాడె టకటకమని ఇటునుంచి అటు పోయింది. దాన్నే జవాబు అనుకొని మా నాయన కుర్చీలో కూచున్నాడు.

గ్రౌండుకు మాత్రం అందరం ఒకటిగానే పోవాల్సి వచ్చింది. మా నాయన తప్పెట జట్టు లారీ దావలో టైరు పగిలి ఆగిపోయిందంట. శత్రువుల ఊర్లో ఒంటరిగా ఎట్ల కూచునేది? మాతోనే కూచున్నాడు. బెంచీకి ఆ కొసన మా నాయన, ఈ కొసన మా మామ, నడుమ గోడ మాదిరి మా అత్త. వెనక బెంచీలో నేనూ మా ఆయనా. ఈ మ్యాచికి రెఫరీ వేరే జిల్లా నుంచి వచ్చినాడు. ఈడ ఆయనకు పెండ్లాం తరపు చుట్టాలు కూడా లేరని పెద్దమనుషులు ముందే విచారించుకున్నారంట.

ఎంతసేపటికీ గోలు పడలేదు. రెండో సగంలో పెనుకొండ పిల్లోడు బంతి తీసుకొని గడిలోకి పోయినాడు. హిందూపురం పిల్లోడు కాలు అడ్డం పెట్టినాడు. పెనుకొండ పిల్లోడు పడిపోయినాడు. రెఫరీ విజిలు ఊది సున్నం చుక్క వైపు చెయ్యి చూపించినాడు.

మా నాయన లేచి నిలబడినాడు. తాకనే లేదు, వాడే పడినాడు, ఈ రెఫరీకి కండ్లు లేవు, ఎంత తిన్నాడో అని కన్నడంలోనే మొదలుపెట్టి కన్నడంలోనే ముగించినాడు. చుట్టూ ధర్మవరమంతా నవ్వుతాంది. అప్పుడు మా మామ, మా అత్త తల పక్కగా వంగి, నా పెండ్లయినప్పట్నుంచి మొట్టమొదటిసారి మా నాయనతో పూర్తి వాక్యం మాట్లాడినాడు.

"రెఫరీ దగ్గర్నుంచి చూసినాడు, నువ్వు ఈడ కూచొని చూసినావు. ఎవురి మాట నమ్మల్ల బావా?"

"రెఫరీలంతా దొంగలే బావా. నువ్వు చూడలేదా?" అన్నాడు మా నాయన. వారం కిందటి ధర్మప్రభువు వెనకనే కూచోని ఉండేది ఆయన మరిచిపోయినాడు.

"నా కొడుకూ రెఫరీనే" అన్నాడు మా మామ. "వాడు తగిలింది అంటే తగిలింది. అంతే."

అన్నంక ఆయనకు తాను ఏం అన్నాడో అర్థమైంది. మా బెంచీలో, ముందు బెంచీలో, మగ్గాల వీధి నుంచి వచ్చినవాళ్ళంతా ఆయన వైపు తిరిగినారు. ఆ వారమంతా కొడుకు మీద వాళ్ళు చెప్పినవన్నీ ఆయన తల వంచుకొని విన్నాడు గదా. ఇప్పుడు ఆ తల ఎట్ల ఎత్తాల్నో తెలీక గ్రౌండు వైపు చూస్తా ఉండిపోయినాడు. మా నాయన మీద గెలిచేదానికి ఆ మాట వాడుకున్నాడని నాకు తెలుసు. అయినా మాట మాటే. నా పక్కన మా ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని, పెనాల్టీ తన్నబోయేది తానే అన్నట్టు బిగుసుకొని కూచున్నాడు.

పెనుకొండ పిల్లోడు తన్నినాడు. బంతి వలలో పడింది. ఎవరో ఆడమనిషి గొంతు చించుకొని అరిచింది. ఆ గొంతు నాదే అని తెలిసేసరికి నేను బెంచీ మీద నిలబడి ఉన్నా. ఆ గోలు వేసిన పిల్లోడు మా వీధి చివర పాలు పోసే ఆమె కొడుకు. ఇన్నాళ్ళూ నువ్వు ఏ ఊరి పక్క అని నన్ను ఎవరూ అడగలేదు, పుట్టింటిదో మెట్టినింటిదో అయి ఉంటాదని అనుకున్నారు. నేనూ అట్లనే అనుకున్నా. మా నాయన, మా మామ ఒకేసారి వెనక్కి తిరిగి నన్ను చూసినారు. ఇన్నేండ్ల వియ్యంలో వాళ్ళిద్దరికీ ఒకే అభిప్రాయం కలిగింది అప్పుడే.

పెనుకొండ కప్పు గెలిచింది. మా నాయన నేరుగా స్టేషనుకు పోతానన్నాడు. "తిని పో" అన్నాడు మా మామ. వద్దంటే వియ్యంకుడు గెలిచినట్టు అవుతాది కాబట్టి మా నాయన వచ్చినాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూచొని ముద్ద తింటా, తాకిందా తాకలేదా అని వాదించుకున్నారు. మా అత్త సంకటి పెడతాంటే ఒకరి తట్టలో వేలు పెట్టి ఒకరు గడి గీసి చూపించుకున్నారు. ఫ్యాను వైపు ఎవరూ చూడలేదు.

మా ఆయన ఒక పక్కన తింటా ఉన్నాడు. మధ్యలో మా మామ తల ఎత్తకుండానే అడిగినాడు.

"ఆ పొద్దు ఏ చేతికి తగిలిందిరా?"

"ఎడమ చేతికి నాయనా."

"నేను కుడి అనుకుంటి" అన్నాడు మా మామ. ఇంకొంచెం పులుసు వెయ్యమని తట్ట ముందుకు తోసినాడు.

అంటే ఆయనా చూసినాడు. గ్రౌండు అవతలి గీత మీద నుంచి, బూరల మధ్య నుంచి చూసినాడు. చూసే శాలువా మడత పెట్టినాడు. ఆ మాట మగ్గాల వీధిలో చెప్పి ఉంటే మాకు వారం రోజుల మనశ్శాంతి మిగిలేది. కానీ ఊరి టీము మీద అభిమానం అంటే మాటలా? మా ఆయన నీళ్ళు తాగినాడు, మళ్ళా తాగినాడు, చెయ్యి కడుక్కునే వంకతో పెరట్లోకి పోయి చానా సేపు రాలేదు. మా అత్త నన్ను పొమ్మని సైగ చేసింది. నేను పోలేదు. కొన్నిటికి పెండ్లాం అవసరం ఉండదు.

ఇప్పుడు మా నాయనా మా మామా రోజూ ఫోన్లో మాట్లాడుకుంటారు. మాట్లాడుకోవడం అంటే తిట్టుకోవడం. మా చుట్టాలకు బాధగా ఉండాది, ఒకప్పుడు ఆ వియ్యంకులు ఎంత మర్యాదగా ఉండేవాళ్ళు అని. పోటీలు జరిపే పెద్దమనుషులకు కూడా బుద్ధి వచ్చి, మా ఆయనకు చుట్టరికం తగిలే మ్యాచులు ఇవ్వడం మానేసినారు.

పోయిన ఎండాకాలం ఆయన్ను గాండ్లపెంటలో ఒక లీగు మ్యాచికి పంపించినారు. ఆ రెండు టీముల పేర్లు కూడా మా ఇంట్లో ఎవరికీ గుర్తులేవు. మిట్టమధ్యాహ్నం ఎండ, చూసేవాళ్ళు పిడికెడు మంది. ఆట సగంలో నీళ్ళు తాగేదానికి మా ఆయన పక్కకు వస్తే, వేపచెట్టు కింద మా మామ కూచోని ఉన్నాడంట. మగ్గం వదిలి, ధర్మవరం నుంచి రెండు బస్సులు మారి వచ్చినాడు. చెప్పి రాలేదు. ఎవరి పక్క నాయనా అని అడిగితే, ఎవురో ఒకరు గెలుస్తారులే అన్నాడంట. ఆట అయిపోయేదాకా కూచొని, టీలో చక్కెర ఎక్కువైందని ఆ ఊరిని తిట్టి, కొడుకుతో కలిసి బస్సెక్కినాడు.